లింకన్ పక్కా రాజకీయ నాయకుడే: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ, పీజీ పిల్లలకు చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. అమెరికా పేపర్ మొదలుపెట్టగానే క్లాసులో అందరికీ ముందే తెలిసిన పేరు అబ్రహాం లింకన్. ఆ దేశపటం మీద ఆయన సొంత రాష్ట్రం ఇల్లినాయ్ ఎక్కడుందో చూపించలేనివాళ్లు కూడా లింకన్ గురించి మూడు కథలు గడగడా చెప్పేస్తారు. వాటిలో కనీసం రెండు జరగనివే. వ్యక్తిత్వ వికాసం క్లాసులు, టీచర్స్ డే ఉపన్యాసాలు, వాట్సాప్ ఫార్వర్డులు కలిసి తయారుచేసిన లింకన్ ఒకాయన ఉన్నాడు. కటిక పేదవాడు, అమాయకుడు, జీవితమంతా ఓడిపోయి చివర్లో ఎలాగో అధ్యక్షుడైపోయినవాడు. ఈ కథల్లో ఆయన చేసిన అసలు పని, అంటే రాజకీయం, ఎక్కడా కనబడదు. ఇరవై మూడేళ్లకు మొదటిసారి పోటీ చేసినప్పటి నుంచి చనిపోయేదాకా ఆయన పార్టీ మనిషి. ఓట్లు లెక్కపెట్టడం, పొత్తులు కుదర్చడం, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గడం క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆ పనితనం తీసేస్తే ఆయన ఏం సాధించాడో, ఎలా సాధించాడో అర్థం కాదు.

అపోహ: లింకన్ తండ్రి చెప్పులు కుట్టేవాడు

కథ మీరూ వినే ఉంటారు. అధ్యక్షుడయ్యాక సెనేట్‌లో తొలిరోజు ఒక ధనవంతుడు లేచి "మీ నాన్న మా ఇంటికి చెప్పులు కుట్టి ఇచ్చేవాడు, అది మర్చిపోకు" అని ఎత్తిపొడిచాడట. "ఆయన కుట్టిన చెప్పుల్లో లోపం ఉంటే తెండి, నేను బాగు చేసిస్తాను" అని లింకన్ జవాబిచ్చాడట. వింటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, నిజమే. కానీ తండ్రి థామస్ లింకన్ రైతు, వడ్రంగి. అసలు అమెరికా అధ్యక్షుడు సెనేట్‌లో కూర్చునే సభ్యుడే కాదు. లింకన్ 1861 మార్చి 4న ప్రమాణం చేసి మాట్లాడింది కాపిటల్ భవనం తూర్పు వైపున, ఆరుబయట, జనం ముందు.

ఇంకో మాట. ఆ తండ్రీకొడుకులకు పెద్దగా పడేది కాదు. 1851 జనవరిలో తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని సవతి తల్లి కొడుకు నుంచి ఉత్తరాలు వస్తే, ఇంట్లో భార్యకు బాలింత జబ్బు అని రాస్తూనే, ఇప్పుడు కలుసుకుంటే సంతోషం కన్నా బాధే ఎక్కువ కావచ్చు అని కూడా రాశాడు. వెళ్లలేదు. అంత్యక్రియలకూ వెళ్లలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. చెప్పుల కథకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

అపోహ: కొడుకు టీచర్‌కి రాసిన ఉత్తరం

సెప్టెంబర్ 5 వస్తే ఇది తప్పదు. "అందరూ నీతిమంతులు కారని వాడికి నేర్పండి" అంటూ సాగే ఉత్తరం, కొన్ని స్కూళ్లలో ఫ్రేమ్ కట్టించి గోడకి కూడా పెట్టారు. లింకన్ ఉత్తరాలు, ప్రసంగాలు, ఆఖరికి చిన్న చిన్న చీటీలతో సహా సేకరించి సంపుటాలుగా అచ్చేశారు. వాటిలో ఇలాంటి ఉత్తరం లేదు. మంచి ఉత్తరమే, కాదనను, కానీ లింకన్‌ది కాదు.

పైగా పిల్లల చదువు విషయంలో ఆయన ఆ ఉత్తరంలో కనబడే తండ్రికి పూర్తిగా వేరు. ఆదివారం పిల్లల్ని ఆఫీసుకి తెస్తే వాళ్లు పుస్తకాలు కిందపడేసి, సిరాబుడ్లు ఒలకబోసి నానా యాగీ చేసేవాళ్లని, ఆయన ఒక్క మాట అనేవాడు కాదని వకీలు భాగస్వామి హెర్న్‌డన్ తర్వాత వాపోయాడు. చిన్నవాడు టాడ్‌కి తండ్రి పోయేనాటికి పన్నెండేళ్లు. సరిగ్గా చదవడం కూడా రాదు.

అపోహ: లింకన్ జీవితమంతా ఓటములే

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది పూర్తి అబద్ధం కాదు. తేదీలు వేసి మరీ జాబితా ఇస్తారు. 1832లో ఓటమి, 1838లో స్పీకర్ పదవికి ఓటమి, 1848లో కాంగ్రెస్‌కి ఓటమి, 1855లో సెనేట్, 1856లో ఉపాధ్యక్ష పదవి, 1858లో మళ్లీ సెనేట్, ఆ తర్వాత 1860లో ఏకంగా అధ్యక్షుడు. గెలుపులు తీసేసి ఓటములు మాత్రమే రాస్తే మన రాష్ట్రాల్లో ఏ సీనియర్ ఎమ్మెల్యే జీవితమైనా ఇలాగే ఉంటుంది.

ఒక్కొక్కటీ చూద్దాం. 1832లో ఇల్లినాయ్ శాసనసభకు నిలబడి ఓడిపోయిన మాట నిజం. పదమూడు మందిలో ఎనిమిదోవాడు. కానీ సొంత ఊరు న్యూ సేలంలో పోలైన 300 ఓట్లలో ఆయనకి 277 వచ్చాయి. ఊళ్లోకి వచ్చి ఏడాది అయిందో లేదో, అప్పటికే ఆ పట్టు! రెండేళ్లకు గెలిచాడు. 1836, 1838, 1840ల్లో వరుసగా గెలిచాడు. 1836లో అయితే సంగమన్ కౌంటీ అభ్యర్థులందరిలో ఆయనకే ఎక్కువ ఓట్లు. జాబితాలో ఈ నాలుగు గెలుపులూ ఉండవు. ఇక స్పీకర్ పదవికి ఓడిపోయాడంటే ఏమిటి? ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, అప్పట్లో ఆయన ఉన్న విగ్ పార్టీ తన స్పీకర్ అభ్యర్థిగా ఆయన్ని నిలబెట్టిందని.

1848 ఓటమి అసలు జరగనే లేదు. ఆ కాంగ్రెస్ సీటుని హార్డిన్, బేకర్, లింకన్ తలా ఒక దఫా పంచుకోవాలని విగ్ పార్టీలో ఒక అవగాహన ఉండేది. 1846లో లింకన్ వంతు వచ్చింది, గెలిచాడు, దఫా అయ్యాక పోటీ చేయలేదు. ఆసారి విగ్ తరఫున నిలబడి ఓడిపోయింది ఆయన పాత భాగస్వామి స్టీఫెన్ లోగన్. ఆ ఓటమిని తెచ్చి లింకన్ ఖాతాలో వేశారు.

జాబితాలో నాకు బాగా నచ్చేది 1855. అప్పట్లో సెనేటర్లను జనం కాదు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. 1913లో రాజ్యాంగానికి 17వ సవరణ వచ్చేదాకా అంతే. మొదటి రౌండ్‌లో లింకన్‌కి 44 ఓట్లు, డెమోక్రాట్ షీల్డ్స్‌కి 41, లైమన్ ట్రంబుల్‌కి 5. ఆ ఐదుగురూ బానిసత్వం విస్తరించడాన్ని వ్యతిరేకించే డెమోక్రాట్లు. విగ్ మనిషికి ఓటేస్తే తమ నియోజకవర్గాల్లో తలెత్తుకోలేమని భీష్మించుకుని కూర్చున్నారు. రౌండ్లు గడిచేకొద్దీ గవర్నర్ మ్యాటిసన్ బలం పెరిగింది, లింకన్ ఓట్లు 15కి పడిపోయాయి. మ్యాటిసన్ గెలిస్తే బానిసత్వ వ్యతిరేకులకు సీటే దక్కదు. అప్పుడు లింకన్ తనవాళ్లందరినీ ట్రంబుల్‌కి వేయమన్నాడు. 44 ఉన్నవాడు ఐదు ఉన్నవాడికి సీటు వదిలేశాడు. భార్య మేరీ ఆ తర్వాత ట్రంబుల్ భార్యతో మాట్లాడటం మానేసింది, అంతకుముందు ఇద్దరూ మంచి స్నేహితులు.

మరి ఆయనకేం మిగిలింది? ఆ ఐదుగురిలో ఒకరు నార్మన్ జడ్. 1860లో రిపబ్లికన్ పార్టీ (విగ్ పార్టీ చెదిరాక లింకన్ చేరిన పార్టీ) జాతీయ సమావేశం చికాగోకి రావడానికి పట్టుబట్టినవాడు, అక్కడ అధ్యక్ష పదవికి లింకన్ పేరు ప్రతిపాదించినవాడు అతనే. ట్రంబుల్ సంగతి చివర్లో చెబుతాను.

1858లో సెనేట్ సీటు కోసం డెమోక్రాట్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌తో ఏడు బహిరంగ చర్చలు జరిగాయి. శాసనసభలో 54-46తో ఓడిపోయాడు. ఓడిపోయినవాడు మామూలుగా ఆ కాగితాలు పక్కన పడేస్తాడు. లింకన్ పేపర్ కటింగులన్నీ పుస్తకంలో అంటించుకుని, వాటినే 1860లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఎన్నికల ఏడాదిలో అది బాగా అమ్ముడైంది కూడా.

అపోహ: రాజకీయాలు తెలియని నిజాయితీపరుడు

నిజాయితీపరుడే. మొదటి సగం మాత్రం తప్పు. 1840 ఎన్నికలకు ఆయన, పార్టీ కమిటీలోని తోటివాళ్లు తయారుచేసిన ప్రణాళిక క్లాసులో చదివి వినిపిస్తే పిల్లలు నవ్వుతారు, అంత తెలిసినట్టు ఉంటుంది. కౌంటీని చిన్న చిన్న భాగాలు చేయాలి. ఒక్కోదానికి ఒక కమిటీ. అందులో ఓటర్లందరి పూర్తి జాబితా రాయాలి, ఎవరు ఎవరికి వేస్తారో కచ్చితంగా కనుక్కోవాలి. ఊగిసలాడేవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, వాళ్లకు బాగా నమ్మకం ఉన్న మనిషి చేత మాట్లాడించాలి. నెలకోసారి పైకి రిపోర్టు. పోలింగ్ రోజు ప్రతి విగ్ ఓటరునీ బూత్ దాకా తీసుకురావాలి. ఇవాళ మన బూత్ కమిటీలకు ఇచ్చే సూచనల కాగితానికీ దీనికీ తేడా ఏముంది?

అదే ఏడాది డిసెంబర్‌లో సభలో కోరం లేకుండా చేద్దామని కిటికీలోంచి దూకాడు కూడా. అప్పటికే ఆయన హాజరు పడిపోయింది కాబట్టి దూకడం వృథా అయింది. ఈ సంగతి ఎవరన్నా గుర్తుచేస్తే తర్వాతి రోజుల్లో ఇబ్బంది పడేవాడట.

1860 నామినేషన్ కూడా అలా వచ్చిందే. పార్టీలో పెద్ద పేరు న్యూయార్క్ సెనేటర్ సీవర్డ్‌ది. ఒహాయోలోని పార్టీ మిత్రుడికి ఆ మార్చిలో లింకన్ రాసిన సారాంశం ఇది: చాలామందికి నేను మొదటి ఎంపిక కాదు, ఎవరినీ నొప్పించకుండా ఉందాం, వాళ్ల మొదటి మనిషి కుదరకపోతే మనవైపు వచ్చేలా ఉంచుదాం. సరిగ్గా అదే జరిగింది. మొదటి రౌండ్‌లో సీవర్డ్‌కి 173న్నర, లింకన్‌కి 102. మూడో రౌండ్‌కి లింకన్ అభ్యర్థి. నవంబర్‌లో 39.8 శాతం ఓట్లతోనే అధ్యక్షుడయ్యాడు, ఎందుకంటే ఉత్తరాది రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు దాదాపు అన్నీ ఆయనకే వచ్చాయి.

అపోహ: అధ్యక్షుడయ్యేదాకా కటిక పేదరికం

1809లో కెంటకీలో దుంగల ఇంట్లో పుట్టాడు, బడికి వెళ్లింది మొత్తం కలిపితే ఏడాది కూడా ఉండదు. అంతవరకు నిజం. కానీ 1850ల నాటికి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పేరున్న లాయరు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే తరఫున వాదించి, ఫీజు 5,000 డాలర్లు ఇవ్వకపోతే ఆ కంపెనీ మీదే దావా వేసి వసూలు చేసుకున్నాడు. పేదరికాన్ని పోస్టర్‌కి ఎక్కించింది ఆయన పార్టీ వాళ్లే. 1860 మేలో డెకటర్‌లో రాష్ట్ర సమావేశం జరుగుతుండగా, బంధువు జాన్ హ్యాంక్స్ రెండు కంచె కర్రలు మోసుకొచ్చాడు. ముప్పై ఏళ్ల క్రితం లింకన్ చీల్చినవి అని వాటికి బ్యానర్ కట్టి ఉంది. హాలు దద్దరిల్లింది. ఆ కర్రలు నిజంగా తాను చీల్చినవో కాదో చెప్పలేనని లింకన్ అన్నాడు, అంతకన్నా మంచివి బోలెడు చీల్చాను అని కూడా కలిపాడు! "కర్రలు చీల్చినవాడు" అనే బిరుదు అలా అంటుకుంది.

అపోహ: గెటిస్‌బర్గ్ ప్రసంగం రైల్లో కవరు మీద రాశాడు

లేదు. యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానవాటిక దగ్గర 1863లో చేసిన ఆ ప్రసంగం రాతప్రతి మొదటి పేజీ అధ్యక్ష భవనం కాగితం మీద ఉంది. రెండు నిమిషాల ప్రసంగం కదా అని ఆషామాషీగా రాయలేదు.

అపోహ: లింకన్ కార్యదర్శి పేరు కెన్నెడీ

లింకన్ లాగే హత్యకు గురైన అధ్యక్షుడు కెన్నెడీకి లింకన్ అనే ఇంటిపేరున్న కార్యదర్శి ఉన్న మాట నిజం. లింకన్ కార్యదర్శులు మాత్రం నికొలే, హే.

అపోహ: 1863 జనవరి 1న బానిసలందరికీ విముక్తి. దాని ఎదురు అపోహ: లింకన్‌కి బానిసల మీద పట్టింపే లేదు

ఈ రెండూ ఒకే క్లాసులో వినబడతాయి. మొదటిది పాఠ్యపుస్తకం మాట, రెండోది ఇంటర్నెట్ చూసి వచ్చిన పిల్లలది.

అంతర్యుద్ధం మధ్యలో లింకన్ చేసిన ఆ విముక్తి ప్రకటన, దేశం నుంచి విడిపోయి తిరుగుబాటులో ఉన్న దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. యూనియన్ (లింకన్ ప్రభుత్వం) వైపు ఉండిపోయిన డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీల్లో బానిసత్వం చెక్కుచెదరలేదు. టెనెసీని, లూసియానాలో కొన్ని భాగాల్ని మినహాయించారు. కారణం చట్టపరమైనది. యుద్ధంలో సర్వసైన్యాధిపతిగా శత్రువు బలాన్ని తీసేసే అధికారం ఆయనకుంది, విశ్వాసంగా ఉన్న రాష్ట్రంలో ఆస్తిని రద్దుచేసే అధికారం లేదు. అలాగని అది ఉత్తుత్తి కాగితమూ కాదు. సైన్యం ముందుకు వెళ్లిన ప్రతిచోటా అది అమలైంది, నల్లజాతివారికి సైన్యంలో తలుపు తెరిచింది. దాదాపు 1,80,000 మంది చేరారు.

రెండో వర్గం చూపించేది 1862 ఆగస్టులో సంపాదకుడు గ్రీలీకి రాసిన ఉత్తరం. ఒక్క బానిసనూ విడిపించకుండా యూనియన్‌ని కాపాడగలిగితే అలాగే చేస్తాను అన్నాడు అందులో. అన్నాడు. కానీ అది రాసేనాటికి విముక్తి ప్రకటన ముసాయిదాని జులై 22న మంత్రివర్గానికి చదివి వినిపించడం కూడా అయిపోయింది. ఓటమి మీద ఓటమి వస్తుండగా ప్రకటిస్తే గతిలేక చేసినట్టు ఉంటుందని, అప్పటికి తన విదేశాంగ మంత్రి అయిన సీవర్డ్ చెబితే, ఒక విజయం కోసం ఆగాడు. సెప్టెంబర్ 17న యాంటీటం యుద్ధం, 22న తొలి ప్రకటన. ఆ ఉత్తరం ఉత్తరాది శ్వేతజాతి ఓటర్లను సిద్ధం చేసే పని. తెల్లవాళ్లు, నల్లవాళ్లు సమానమని తాను అనడం లేదని 1858లో చార్ల్‌స్టన్ చర్చలో చెప్పిన మాటల్ని మాత్రం నేను కప్పిపుచ్చను. అవి ఆయనవే. 1865 ఏప్రిల్ 11న చివరి ప్రసంగంలో బాగా తెలివైన నల్లవాళ్లకు, సైనికులకు ఓటు ఉండాలన్నాడు. గుంపులో నిలబడి అది విన్న జాన్ విల్క్స్ బూత్ మూడు రోజులకు కాల్చాడు.

చట్టంగా బానిసత్వాన్ని రద్దుచేసింది 13వ సవరణ. దాని పాఠాన్ని సెనేట్‌లో నడిపించిన న్యాయ కమిటీ అధ్యక్షుడు ఎవరో కాదు, 1855లో లింకన్ సీటు ఇచ్చిన ట్రంబుల్. ప్రతినిధుల సభలో 1864లో ఒకసారి వీగిపోయింది. మళ్లీ 1865 జనవరి 31న ఓటింగ్. ఆ ఉదయం సభలో పుకారు: దక్షిణాది నుంచి శాంతి దూతలు వాషింగ్టన్‌కి వస్తున్నారని. అదే నిజమైతే, యుద్ధం ఆగబోతుంటే ఈ సవరణ ఎందుకని కొందరు జారిపోతారు. బిల్లు నడుపుతున్న ఆష్లీ భయపడి అధ్యక్షుడిని అడిగాడు. లింకన్ చీటీ రాసి పంపాడు: నాకు తెలిసినంతవరకు నగరంలో శాంతి దూతలు ఎవరూ లేరు, వచ్చే అవకాశమూ లేదు. అక్షరాలా నిజమే. వాళ్లు నగరానికి రావడం లేదు, వర్జీనియా తీరంలోని ఫోర్ట్ మన్రో వైపు వస్తున్నారు, ఆ సంగతి ఆయనకి తెలుసు. ధర్మరాజు "కుంజరః" అన్నట్టు. సవరణ 119-56తో నెగ్గింది. ముగ్గురు అటు తిరిగి ఉంటే మూడింట రెండొంతులు వచ్చేవి కావు. మూడు రోజులకు ఆ దూతల్ని ఫోర్ట్ మన్రో దగ్గర ఓడలో లింకన్ స్వయంగా వెళ్లి కలిశాడు.