బజ్జీల నూనె, అణు ద్రావణి

"అణువ్యర్థాల ట్యాంకులో ద్రావణి ఊరకే పడి ఉంటుంది కదా, అది చెడిపోవడమేంటి?" అని కావలి నుంచి ఒక పాఠకుడు అడిగారు. నెల్లూరు ట్రంకురోడ్డు మీద బజ్జీల బండి దగ్గర నిలబడి బాణలిలోకి చూస్తే జవాబు సగం దొరుకుతుంది.

నూనె ఒక ఎస్టర్, అంటే ఆమ్లం, ఆల్కహాల్ జతకట్టిన పదార్థం. గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తోకల్లా తగులుకుని ఉంటాయి. పిండిలోని నీరు, పొయ్యి వేడి కలిసి ఆ తోకల్ని ఊడదీస్తాయి. నూనె పొగచూరడానికి, నురగ కట్టడానికి అదీ ఒక కారణం. (మన పాఠాల్లో ఎస్టర్ అంటే పండ్ల వాసన చెప్పి ఊరుకుంటారు!)

వాడిన అణు ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియాలను బయటికి తీసే ద్రావణిలోని ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటూ ఎస్టరే. కిరసనాయిలు జాతి డోడెకేన్‌లో దాన్ని సుమారు 30 శాతం కలుపుతారు. ఇక్కడ పొయ్యి పని వికిరణానిది, ఇంధనాన్ని కరిగించే నైట్రిక్ ఆమ్లం దానికి తోడు. ఒక బ్యూటైల్ తోక ఊడితే మిగిలేది డైబ్యూటైల్ ఫాస్ఫారిక్ ఆమ్లం. ద్రావణి పీల్చుకున్న వికిరణ శక్తిలో ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టులకు (అణువుల స్థాయిలో శక్తి కొలత) ఒక అణువు చొప్పున పుడుతుందనుకుందాం. లక్ష గ్రేలు, అంటే కిలోకు లక్ష జౌళ్లు, పడితే కిలో ద్రావణిలో చేరేది సుమారు 2 గ్రాములు.

రెండు గ్రాములేగా అనకండి. మంచి ద్రావణి పలచని ఆమ్లం తగిలితే లోహాన్ని వదిలేస్తుంది. ఈ డైబ్యూటైల్ ఆమ్లం మాత్రం ప్లుటోనియాన్ని పట్టుకుని వదలదు. ఇంధనం నుంచి వచ్చిన జిర్కోనియం లోహంతో కలిసి ఆమ్లపు నీటికీ ద్రావణికీ మధ్య తెట్టు కడుతుంది, ఇక పొరలు విడిపోవు.

కృష్ణపట్నం రేవులో దిగే ముడినూనెల్లో పొద్దుతిరుగుడు లాంటివాటిని శుద్ధి చేయడానికి కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లాన్ని సబ్బుగా దించే పద్ధతి ఉంది. ఇక్కడా అంతే, సోడియం కార్బొనేట్‌తో కడుగుతారు. డోడెకేన్ విరిగి, నత్రజని ఆక్సైడ్లతో కలిసి పుట్టే నైట్రో పదార్థాలు మాత్రం సోడాకు లొంగవు. వాటికి శూన్యంలో స్వేదనం కావాలి.

వికిరణం తగిలినంత మాత్రాన ద్రావణి దిష్టి తగిలినట్టు తానూ వికిరణం చిమ్మదు. చిమ్మేది అందులో ఇరుక్కున్న రుథేనియం, జిర్కోనియం వగైరా రేడియోధార్మిక లోహాలు.

నిల్వ ట్యాంకుకు మూత బిగించి వదలకూడదు. విరిగిన అణువుల నుంచి హైడ్రోజన్ వస్తూనే ఉంటుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకోగలదు. అందుకే పైనుంచి గాలి ఆడిస్తూ ఉండాలి. ద్రావణి నైట్రిక్ ఆమ్లంతో కలిసి, వేడి 130 డిగ్రీలు దాటితే "ఎర్రనూనె" చర్య అదుపు తప్పుతుంది. రష్యాలోని అణుకేంద్రం తోమ్‌స్క్-7లో 1993 ఏప్రిల్ 6న ట్యాంకు పేలింది ఇలాంటి చర్యతోనే.

పనికిరాని ద్రావణికి మన దేశంలో వాడే ఒక పద్ధతి అచ్చం సబ్బు కాచడమే. ఆమ్లం తీసేశాక గాఢ కాస్టిక్ సోడాతో వేడి చేస్తే ఫాస్ఫేట్‌కున్న తోక ఊడి సోడియం లవణమై నీటిలోకి దిగుతుంది, కాలుష్యంలో ఎక్కువ భాగం దాని వెంటే పోతుంది. డోడెకేన్ పైకి తేలుతుంది. అడుగునీటిని సిమెంటులో కలిపి దిమ్మలు పోస్తారు.