సన్నటి కార్వింగ్ స్కీలు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

చలికాలం ఔలీలోనో గుల్మార్గ్‌లోనో స్కీయింగ్ నేర్పుతాను, మిగతా ఏడాదంతా విజయవాడ పటమటలో మా మేడమీది గదిలో స్కీల అంచులకు సాన పడుతుంటాను. డెన్వర్‌లో, సియాటెల్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు, గుంటూరు నుంచి మొదటిసారి ఔలీ వెళ్ళొచ్చి ఇక ఆగలేకపోతున్నవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నయ్యా, మెషీన్‌తో చదును చేసిన స్లోపుల మీదే తిరుగుతాను, ఏ స్కీలు కొనమంటావ్?" సన్నటి కార్వింగ్ స్కీలు, అంటే పక్కకి జారకుండా అంచు మీదే మలుపు తిరగడానికి చేసినవి, తీసుకో అంటాను. ఆ వెంటనే ఎక్కడెక్కడో విన్న అనుమానాలన్నీ బయటికొస్తాయి.

ముందు లెక్క తెలియాలి. స్కీ మీద 121-68-103 లాంటి మూడు అంకెలుంటాయి. ముందు భాగం, నడుము, తోక వెడల్పులు, మిల్లీమీటర్లలో. నడుము 65 నుంచి 75 మధ్య ఉంటే సన్న స్కీ అనుకోండి.

అపోహ: సన్న స్కీలు రేసర్లకే, మామూలువాళ్ళు వెడల్పువే కొనుక్కోవాలి.

గట్టి మంచు మీద సంగతి దీనికి పూర్తిగా రివర్స్. నడుము 68 ఉంటే పాదం మధ్య నుంచి అంచు 34 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, 100 ఉంటే 50 దూరంలో. మలుపులో మీ బరువంతా ఆ అంచు మీదే నిలబడాలి కాబట్టి ఆ దూరం పెరిగేకొద్దీ స్కీని ఒరిగించడానికి ఎక్కువ బలం కావాలి, ఆ మెలి నేరుగా చీలమండకీ మోకాలికీ వెళ్తుంది, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికి టైమూ ఎక్కువ పడుతుంది. మెత్తటి మంచులో స్కీ కొంచెం దిగబడుతుంది కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు, చదును చేసి గట్టిపడిన చోట మాత్రం సాయంత్రానికి మోకాళ్ళే చెప్తాయి. నిజమైన రేసు స్కీలు వేరే, అవి లోపల చాలా బిరుసుగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. షాపుల్లో మామూలు జనానికి అమ్మే కార్వింగ్ స్కీల్లో మెత్తగా వంగేవి బోలెడున్నాయి. అసలు 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ నడుము బాగా లోపలికి తీసిన ఎస్‌సీఎక్స్ స్కీలు తెచ్చాకే కదా సాధారణ స్కీయర్లకి కూడా కార్వింగ్ అందుబాటులోకి వచ్చింది.

అపోహ: రేడియస్ 13 అని రాసి ఉంటే ఆ స్కీ 13 మీటర్ల మలుపే తిరుగుతుంది.

ఆ 13 అనేది స్కీ పక్క అంచు వంపు తాలూకు కొలత, ఆ వంపుని పూర్తి వృత్తంగా గీస్తే దాని వ్యాసార్థం అన్ని మీటర్లుంటుందని. మలుపు ఎంత బిగుతుగా వస్తుందన్నది మీరు స్కీని ఎంత ఒరిగించారన్న దాని మీద ఉంటుంది. ఇంటర్‌లో చదివిన కొసైన్ ఇక్కడ పనికొస్తుంది: గట్టి మంచు మీద 45 డిగ్రీలు ఒరిగిస్తే అదే స్కీ సుమారు 9 మీటర్లకి వస్తుంది, 60 డిగ్రీలకి ఆరున్నరకి. అందుకే ఒకే స్కీ మీద ఇద్దరు ఎక్కితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్తారు, ఇద్దరిదీ నిజమే. కార్వింగ్‌కి విపరీతమైన స్పీడు కావాలన్న భయం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. 12, 13 మీటర్ల స్కీ ఓ మాదిరి వేగంలోనే చక్కగా మలుపు తీసుకుంటుంది. 18 దాటిన వాటికి వేగమూ కావాలి, ఖాళీ స్లోపూ కావాలి. ప్రపంచ స్థాయి మగవాళ్ళ జెయింట్ స్లాలమ్ రేసు స్కీలకైతే కనీసం 30 మీటర్లు ఉండాలని రూలు, దాంతో మనకి పోలిక లేదు.

అపోహ: లోపల మెటల్ ఉంటేనే మంచి స్కీ.

ఆ మెటల్ చాలావరకు టిటనాల్, అంటే అల్యూమినియం మిశ్రమలోహం, చాలామంది అనుకునే టైటానియం కాదు. అది అదురుని తగ్గిస్తుంది, స్కీ మెలి తిరగకుండా ఆపుతుంది, ఆ మేరకు గట్టి మంచు మీద పట్టు పెరుగుతుంది. 85 కిలోల మనిషి వేగంగా వెళ్తుంటే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 55 కిలోల అమ్మాయి రెండో సీజన్‌లో అవే వేసుకుంటే మలుపు మొదలుపెట్టడానికే కష్టపడుతుంది, ఎందుకంటే స్కీ వంగాలి కదా. షాపులో ముందు భాగం పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టి చూడండి, కొంత అర్థమవుతుంది. పూర్తిగా తెలిసేది మంచు మీదే.

అపోహ: డెమో జత (కొనేముందు వాడి చూడ్డానికి ఇచ్చేది) తీసుకుని చూశాం, అస్సలు పట్టు లేదు, ఆ మోడలే వేస్ట్.

నాకు బాధ కలిగించే మాట ఇది, ఎందుకంటే మంచి స్కీలు ఈ ఒక్క కారణంగా మూలన పడుతున్నాయి. మీరు చూసింది ఆ మోడల్‌నా, దాని అంచు ఉన్న స్థితినా? ముందుగా గోటిని అంచుకి అడ్డంగా లాగండి, గోరు సన్నగా పొడిలా రాలితే పదును ఉన్నట్టు, నున్నగా జారిపోతే లేనట్టు. తర్వాత వంకర లేని స్టీల్ స్కేలు ఒకటి స్కీ అడుగున అడ్డంగా పెట్టి, వెలుతురు వైపు ఎత్తి చూడండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే అడుగు పల్లమై అంచులు పైకి ఉన్నట్టు, అలాంటి స్కీ అనుకోని చోట మంచుని కరిచి పడేస్తుంది. అంచుల దగ్గర వెలుతురు కనిపిస్తే అంచు ఆలస్యంగా పట్టుకుంటుంది, జారుతున్నట్టు ఉంటుంది. అడుగు వైపు అంచుని మామూలుగా అర నుంచి ఒక డిగ్రీ వాలుగా అరగదీస్తారు, రెండు డిగ్రీలకి పోయిందంటే ఎంత ఖరీదైన స్కీ అయినా డల్‌గానే అనిపిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన వాటిల్లోనూ ఈ తేడాలు చూశాను, కాబట్టి సీల్ తీసిన స్కీ కదా అని వదిలేయకండి.

అంచు సరిగ్గా ఉందని తేలాక పరీక్ష. తక్కువ వాలు ఉన్న చోట నేరుగా జారుతూ, పాదాలు తిప్పకుండా రెండు స్కీలనీ ఒక పక్కకి ఒరిగించి వదిలేయండి, మలుపు స్కీయే తీసుకుంటుంది. ఆగి వెనక్కి చూడండి. మంచు మీద సన్నటి గీతలు రెండు కనిపిస్తే అంచు మీద నడిచినట్టు, చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా ఉంటే జారినట్టు. పొద్దున్నే మెషీన్ గీతలు తాజాగా ఉన్నప్పుడు ఏ స్కీ అయినా పట్టుకుంటుంది, అప్పుడే తీర్పు చెప్పేయకండి. పైపొర అరిగి గట్టి మంచు బయటపడే మధ్యాహ్నం దాకా ఆగండి. అదే స్లోపు మీద, అవే బూట్లతో రెండో జత కూడా వేసుకుని చూడండి. కావాలనుకున్నప్పుడు అంచు వదిలేసి జారుతోందా అన్నది కూడా చూసుకోవాలి, జనం మధ్య బ్రేకు వేయాల్సింది అలాగే.

అపోహ: పొట్టిది కొంటే తేలిక. కొంతవరకే. చాలా మోడల్స్‌లో పొడవుతో పాటు రేడియస్ కూడా మారుతుంది, కాబట్టి పొడవు మార్చారంటే స్కీ స్వభావమే మార్చినట్టు. మీ బరువు, అలవాటు చూసి ఎంచుకోండి.

అపోహ: ఒక్క జత అన్నిచోట్లకీ చాలు. గుల్మార్గ్ గొండోలా (రోప్‌వే) రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీదికి వెళ్తే అక్కడుండేది ఎక్కువగా తొక్కని మంచు, సన్న స్కీ దిగబడిపోతుంది, వెడల్పువి అద్దెకి తీసుకోండి. ఔలీ వాలు మీద, దుబాయ్ ఇండోర్ స్లోపు మీద సన్నదే హాయి.

అపోహ: బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచి, పడ్డప్పుడు వదిలేసే బిగింపు) నంబరు ఫ్రెండ్‌ది ఎంత ఉంటే మనదీ అంతే పెట్టుకోవచ్చు. దయచేసి ఈ పని చేయకండి. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీ చేసే తీరు, ఇవన్నీ చూసి ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్ పెట్టాల్సిన నంబరు అది. ఎక్కువ పెడితే పడ్డప్పుడు బూటు ఊడదు, కాలు విరుగుతుంది. తక్కువ పెడితే మలుపు మధ్యలో ఊడుతుంది.

అపోహ: మన బెజవాడ ఎండకి స్కీలు పాడైపోతాయి, ఇక్కడ ఉంచడమే దండగ. నేను చూసినంతలో ఎండ కన్నా తేమ ఎక్కువ చేటు చేస్తుంది. వానాకాలం కవర్లో చుట్టి వదిలేస్తే రెండు నెలల్లో అంచులు తుప్పు పట్టేస్తాయి. అంచులు పొడిగా తుడిచి, అడుగు మీదా అంచుల మీదా వేడి వ్యాక్స్ మందంగా పట్టించి గీకకుండా వదిలేయండి, రెండు స్కీలనీ గట్టిగా బిగించి కట్టొద్దు, వాటి సహజమైన వంపు అలాగే ఉండాలి. లోపలి గదిలో బీరువా పక్కన నిలబెట్టండి, రేకుల షెడ్డులోనూ మే నెల కారు డిక్కీలోనూ పెట్టొద్దు. డిసెంబర్‌లో బయల్దేరే ముందు ఆ వ్యాక్స్ గీకేసి, గోటితో అంచు చూసుకుని, స్కీ ఊరు చేరాక బైండింగ్ ఒకసారి చెక్ చేయించుకోండి.