తూములు మూసిందెవరు?

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. "తాతయ్యా, ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు మా ఇంట్లో దీపం ఎలా ఆర్పగలడు? ఆర్పితే ఎన్నాళ్లు చీకట్లో ఉండాలి?" అని అడిగావు. రెండు రోజులుగా నాకు అదే ఆలోచన.

ఒక పెద్ద కాలువను ఊహించుకో. దానికి బోలెడు పిల్లకాలువలు, ఒక్కోదానికి ఒక తూము, తూము దగ్గర ఒక మనిషి. గట్టు మీద మేస్త్రీ నిలబడి "మూడోది ఎత్తు, ఐదోది దించు" అని కేకేస్తే వాళ్లు అలాగే చేస్తారు. ఒకరోజు ఎవడో చాటున నక్కి, అచ్చం మేస్త్రీ గొంతుతో "అన్నీ దించండి" అని అరిచాడనుకో. చెరువు నిండుగానే ఉంది, కాలువకు గండీ పడలేదు. అయినా చేలు ఎండిపోయాయి. కరెంటుకు ఆ తూములే సబ్‌స్టేషన్లలోని బ్రేకర్లు. మేస్త్రీ కేక, కంట్రోల్ రూమ్ కంప్యూటర్ పంపే ఆజ్ఞ.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఇదే జరిగింది. ఉద్యోగులు చూస్తుండగానే తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలి, ఒక్కో బ్రేకర్‌నూ ఆపేసుకుంటూ పోయింది. ఈ-మెయిల్‌లో వచ్చిన ఫైలును ఎవరో తెరిస్తే, దొంగలు నెలల ముందే లోపలికి చేరి కూర్చున్నారు. సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. జనం ఫిర్యాదు చేద్దామంటే, దొంగ కాల్స్‌తో ఆ ఫోన్లను కూడా నింపేశారు. చివరికి ఉద్యోగులు సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తోనే వేశారు. కేకను నమ్మడం మానేసి తూముల దగ్గరికే నడిచారన్నమాట! ఆరు గంటల్లోపే అందరికీ వెలుగొచ్చింది.

తూము తలుపే విరిగితే మాత్రం కథ వేరు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది తయారై రావడానికి నెలలు పడుతుంది. అందుకే ముందు జాగ్రత్త.

చిన్నప్పుడు మా ఇంట్లో లాంతరు చిమ్నీ తుడిచే పని నాది. పొద్దు వాలకముందే బూడిద అద్దిన గుడ్డతో మసి తుడవాలి. ఆటలో పడి మరిచిపోయిన రోజు ఇల్లంతా మసక మసగ్గా ఉండేది, అమ్మ మాట్లాడకుండా నా వైపు చూసేది. చీకటి పడ్డాక చిమ్నీ వెతుక్కునేవాడికి వెలుగు దొరకదని అప్పుడే తెలిసింది.

అందరూ కొవ్వొత్తుల గురించే ఆలోచిస్తారు. నేనైతే ముందు నీళ్లంటాను. మోటారు ఆగితే కుళాయి ఆగుతుంది, కాబట్టి తాగే నీళ్లు కొన్ని రోజులకు సరిపడా నిలవ ఉండాలి. సెల్ టవర్లు బ్యాటరీ అయిపోగానే మూగబోతాయి. అమ్మా నాన్నల నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టు, బ్యాటరీతో పనిచేసే రేడియో ఒకటి ఇంట్లో ఉంచమను. కార్డులు పనిచేయవు, కొంచెం నగదు ఉండాలి. ఫ్రిజ్‌ను ఊరికే తెరవకు, మూసి ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే దాన్ని ఎలా చల్లగా ఉంచాలో డాక్టర్‌ను ముందే అడగాలి. జనరేటర్ మాత్రం ఎన్నడూ ఇంట్లో పెట్టనివ్వకు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇది నాన్నకు నువ్వే చదివి వినిపించు.

పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను పలకరించడం కూడా ఈ ఏర్పాట్లలో భాగమే, తల్లీ.

ఈ రాత్రి అమ్మకు చెప్పి, ఒక గంట ఇంట్లో దీపాలన్నీ ఆర్పండి. చేత్తో తడుముకుంటూ టార్చి ఎంతసేపట్లో దొరుకుతుందో చూడు. తర్వాత బయటికొచ్చి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి తల పైకెత్తు. ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలిగావో నాకు రాయి.

నీ తాతయ్య