మీ అమ్మకు ఇవాళ ఏ వారమో చెప్పండి

నందికొట్కూరు
గురువారం రాత్రి

చిన్నోడికీ పాపకూ మీ అబ్బ ఆశీస్సులు.

మధ్యాహ్నం ఫోన్‌లో పాప చాలా ఏడ్చింది. "అమ్మ నన్ను చూసి కూడా గుర్తుపట్టలేదబ్బా, చేతులు మంచానికి కట్టేసినారు" అంది. అప్పుడు నాకు నోట మాట రాలేదు. ఈ మోకాళ్లతో బస్సెక్కి కర్నూలు రాలేను. వచ్చినా మీ అమ్మ ఉన్న ఐసీయూ లోపలికి ఒక్కరినే పంపుతారు, ఆ ఒక్కరూ మీరైతేనే మీ అమ్మకు మంచిది. అందుకే రాస్తున్నాను. ముప్పై రెండేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి కాబట్టి కొన్ని సంగతులు తెలుసు. అంతకంటే ముఖ్యం, నేను అలాంటి మంచం మీద పదకొండు రోజులు పడుకుని లేచినవాణ్ణి. అప్పుడు మీరు చిన్నపిల్లలు, మీకు పెద్దగా ఏమీ చెప్పలేదు.

నాకు ఊపిరితిత్తులకు నిమ్ము చేరి నోట్లో గొట్టం వేశారు. మందుల మత్తులో ఎన్ని రోజులు గడిచాయో తెలియదు. మెలకువ వచ్చేసరికి చెవి పక్కన ఒకటే శబ్దం, వస్తూ పోతూ, వస్తూ పోతూ. నాకు అది నీళ్ల శబ్దమనిపించింది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మేము పాతబస్తీలో అద్దెకుండేవాళ్లం. రెండు రాత్రులు మిద్దె మీద గడిపాం. ఆ నీళ్లే మళ్లీ వచ్చాయని నమ్మాను. అనుమానంతో కాదు, పూర్తిగా నమ్మాను. కాళ్లు చల్లబడ్డాయి, నీళ్లు మంచం దాకా వచ్చాయనుకున్నాను. లేచి పారిపోదామంటే చేతులకు గుడ్డ పట్టీలు కట్టి ఉన్నాయి. మునిగిపొమ్మని కట్టేసినారనుకున్నాను. నర్సమ్మ దగ్గరికి వస్తే కాలితో తన్నబోయానంట.

మీ అమ్మ వచ్చి పట్టీ వదులు చేయించి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచేతిలో వేలితో "నీళ్లు" అని రాశాను. ఆమెకు వెంటనే అర్థమైంది. "పిచ్చి మాటలు" అనలేదు, "నీళ్లు లేవు పో" అని కొట్టిపారేయలేదు. చెవి దగ్గర మెల్లగా చెప్పింది. "నాయనా, అది నీకు గాలి ఇచ్చే మిషన్ శబ్దం. ఇది కర్నూలు ఆసుపత్రి. ఇవాళ బుధవారం, టైము నాలుగైంది. మనం మూడో అంతస్తులో ఉన్నాం."

మూడో అంతస్తు అన్న మాట నాలోకి పోయింది. నీళ్లు అంత ఎత్తు రావు కదా అని లెక్క వేసుకున్నాను. ఆ రాత్రి మళ్లీ భయపడ్డాను, మర్నాడు ఆమె మళ్లీ చెప్పింది. అట్లా నాలుగు రోజులు. ఇవాళ మీ అమ్మ మీ ముఖం చూసి కూడా గుర్తుపట్టనట్టు ఉంటే, ఆమె ఎక్కడో అలాంటి చోట ఉంది. మిమ్మల్ని మరిచిపోలేదు పాపా.

దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. పిచ్చి కాదు. కిడ్నీ రాయి దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ మీ అమ్మ రక్తంలోకి పాకింది. ఆ ఇన్ఫెక్షన్, మత్తుమందులు, నిద్ర లేకపోవడం, పగలూ రాత్రీ ఒకే లైట్ల వెలుతురు, ఇవన్నీ కలిసి మెదడును తికమక పెడతాయి. పొద్దున తెలివిగా ఉన్న మనిషి సాయంత్రానికి ఇంకోలా ఉండొచ్చు. రాత్రిళ్లు ఎక్కువవుతుంది. కొందరు గొట్టాలు పీకబోతారు, చేతులు కట్టేది అందుకే. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా గోడ చూస్తూ ఉంటారు. ఇది రెండో రకం. చూసేవాళ్లు "పాపం, నెమ్మదిగా ఉంది" అనుకుంటారు. కాబట్టి మీ అమ్మ మరీ మౌనంగా ఉంటే అది కూడా సిస్టర్‌కు చెప్పండి. ఆమె మామూలుగా ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

లోపలికి పోగానే మొదట పేరు, వరుస చెప్పండి. "అమ్మా, నేను పాపను. ఇవాళ శుక్రవారం. పొద్దున పదైంది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, రాయికి ట్యూబు వేసినారు, జ్వరం తగ్గుతోంది." నిన్న చెప్పాం కదా అనుకోవద్దు. రోజూ చెప్పాలి. ఒక్కో మాటకు జాగా ఇస్తూ నిదానంగా చెప్పండి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టవద్దు. మత్తులో ఉంటే వినబడుతుందో లేదో అని ఆగవద్దు. నాకు కొన్ని మాటలు వినబడ్డాయి. ఎవరు అన్నారో తెలియలేదు కానీ అవి మంచి మాటలో, భయం మాటలో తెలిసింది.

మీ అమ్మకు కండ్లద్దాలు లేకుంటే రెండు గజాల దూరం కనపడదు. ఆ సంగతి లోపల ఎవరికీ తెలియదు. సిస్టర్‌ను అడిగి అద్దాలు పెట్టించండి. గోడ గడియారం కనపడేలా తల తిప్పి పెట్టించండి. ఇవి చిన్నవిగా కనపడతాయి, కానీ తికమక తగ్గించడంలో మందుకంటే వీటికే ఎక్కువ పని ఉంది.

మాట రాకపోవడం గురించి చిన్నోడు అడిగాడు. మీ అమ్మకు గాలి ఇచ్చే మిషన్ గొట్టం నోట్లోంచి స్వరతంత్రుల మధ్యగా శ్వాసనాళంలోకి పోతుంది. గాలి ఆ తంత్రులను తాకకుండా గొట్టంలోంచే పోతుంది కాబట్టి శబ్దం పుట్టదు. గొంతు పోయినట్టు కాదు. గొట్టం తీశాక కొన్ని రోజులు బొంగురుగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. అంతవరకు అవును అంటే ఒకసారి, కాదు అంటే రెండుసార్లు చెయ్యి నొక్కమనండి. ఒక అట్ట మీద నొప్పి, దాహం, చలి, భయం, "కఫం తీయండి" అని పెద్ద అక్షరాలతో రాసి పట్టుకుపోండి. "భయం" అన్న మాట తప్పకుండా రాయండి. నాకు నొప్పి కంటే అదే ఎక్కువ ఉండింది, చెప్పడానికి దారి లేదు.

మిషన్ మీద అలారం మోగితే మీ గుండె జారిపోతుందని తెలుసు. వేలికి పెట్టిన క్లిప్పు కదిలినా అది మోగుతుంది, మీ అమ్మ దగ్గినా మోగుతుంది. సిస్టర్ నిదానంగా నడిచి వస్తే అంత ప్రమాదం లేదని అర్థం. మీరు అంకెలు చూస్తూ నిలబడవద్దు, మీ అమ్మ ముఖం చూడండి. ఉండేది పది నిమిషాలే.

మీకు ఒక సంగతి చెప్పాలి, తరగతిలో ఎప్పుడూ చెప్పే వీలు దొరకలేదు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలింది. ఊపిరి తీసుకోలేని పిల్లలకు సరిపడా మిషన్లు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపవచ్చని చూపించాడు. మరి రాత్రింబవళ్లు నొక్కేదెవరు? సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసుకుని నెలల తరబడి మంచాల పక్కన కూర్చుని నొక్కారు. చిన్నోడా, వాళ్లు నీకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లయి ఉంటారు, అంతే. ఆ మర్నాటి ఏడాది అక్కడే ఇలాంటి రోగుల కోసం ఇబ్సెన్ ప్రత్యేకంగా ఒక వార్డు మొదలుపెట్టాడు. మనం ఇప్పుడు ఐసీయూ అంటున్నది అక్కడి నుంచి వచ్చిందే. మిషన్ వచ్చాక ఆ సంచి నొక్కే పని పోయింది. పక్కన కూర్చునే పని మాత్రం పోలేదు.

ఇప్పుడు గట్టిగా ఒక మాట. గొట్టం తీసిన రోజు మన వాళ్లు తీర్థమని, కొబ్బరినీళ్లని, "గొంతు ఎండిపోయింది పాపం, ఒక గుక్క" అని ఏదో ఒకటి నోట్లో పోయబోతారు. మీ అవ్వే శ్రీశైలం తీర్థం సీసా మూట కట్టి పెట్టుకుంది, నేనే ఆపాను. ఇన్ని రోజులు గొట్టం ఉన్న గొంతు మింగడం మరిచిపోతుంది. గుక్కెడు నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ మొదటికి వస్తాం. మింగగలదో లేదో వాళ్లు పరీక్ష చేసి "ఇవ్వండి" అనేదాకా చుక్క కూడా పోయవద్దు. మీ అమ్మ చేతులు జోడించి అడిగినా పోయవద్దు. నన్ను అట్లా ఆపినందుకు మీ అమ్మ మీద మూడు రోజులు కోపంగా ఉన్నాను. తడి దూదితో పెదవులు తుడవవచ్చేమో సిస్టర్‌ను అడిగి, ఒప్పుకుంటే ఆ పని మీరే చేయండి. విభూతి నుదుట పెడితే సరిపోతుందని అవ్వకు చెప్పాను.

ఊరి నుంచి ఆదివారం జీపు మాట్లాడుకుని ఇరవై మంది వస్తామంటున్నారు. ప్రేమతోనే. కానీ మంచం పక్కన నిలబడి "అయ్యో, ఎట్లుండేదానివి ఎట్లయిపోతివే" అని ఏడిస్తే అది మీ అమ్మ వింటుంది. వద్దని నేనే చెప్తాను, ఆ భారం మీ మీద వద్దు. రావాలని పట్టుబట్టిన వాళ్లు మీ నాయన పక్కన కూర్చుని ఆయనతో ఒక ముద్ద తినిపిస్తే చాలు. మీరు పోయే ముందు మోచేతుల దాకా కడుక్కోండి. పాపా, గోళ్ల రంగు మీ అమ్మ వేళ్లకు మిగిలి ఉంటే తీసేయమని అడుగు, ఆ క్లిప్పు వెలుతురుతోనే ఆక్సిజన్ లెక్క చూస్తుంది.

డాక్టరుతో రోజుకొకరు మాట్లాడవద్దు. చిన్నోడే మాట్లాడాలి, రాసుకోవాలి. "బాగవుతుందా సార్?" అని అడిగితే వాళ్లు ఏం చెప్పగలరు? "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? బీపీ పడిపోకుండా ఇచ్చే మందు తగ్గించారా? మిషన్ ఎంత సాయం చేస్తోంది, తను ఎంత పీలుస్తోంది? ఫిజియోథెరపీ మొదలైందా?" అని అడుగు. ఊపిరి మిషన్ సాయం తగ్గించి అరగంటో రెండు గంటలో చూస్తారు. ఒక రోజు తట్టుకోలేకపోతే మళ్లీ పెంచుతారు. దాన్ని ఓడిపోవడం అనుకోవద్దు. నాకు మూడోసారికి కుదిరింది. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేద్దామని వాళ్లంటే భయపడి పారిపోవద్దు, ఎందుకో అడిగి తెలుసుకోండి. నోట్లో గొట్టం కంటే అది కొందరికి సుఖంగా ఉంటుంది, అవసరం తీరాక మూసుకుపోతుంది. ఆరోగ్యశ్రీ కాగితాలు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మీ నాయన ఆరోగ్యమిత్ర దగ్గర చూసుకుంటాడు. అది మీ పని కాదు.

మీ అమ్మ ఇప్పుడు కొంచెం కోలుకుంటోందనే డాక్టరు చెప్పాడు. నేను మీకు మాట ఇవ్వలేను, అది నా చేతిలో లేదు. ఏ రోజు ఏం చెప్పినా మీ దగ్గర దాచను.

రాత్రి ఒకరే ఉండండి. బయట వరండాలో ఆదోని వాళ్లు, గద్వాల వాళ్లు, బళ్లారి వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లతో మాట్లాడండి, వాళ్లు మీ కంటే ముందొచ్చి అన్నీ నేర్చుకున్నవాళ్లు. పొద్దున ఉగ్గాని తినకుండా లోపలికి పోవద్దు. పాపా, నీకు నవ్వొచ్చిందని, సినిమా పాట విన్నావని నిన్ను నువ్వు తిట్టుకున్నావంట. తిట్టుకోవద్దు తల్లీ. పుస్తకం తెచ్చుకుని అక్కడే చదువుకో, అమ్మకు కూడా గట్టిగా చదివి వినిపించు. నీ లెక్కల పాఠమైనా సరే, నీ గొంతే ఆమెకు కావాలి.

ఇంటికొచ్చాక అంతా అయిపోయిందనుకుంటారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. వారం పది రోజులు కదలక పడుకుంటేనే తొడల కండ కరిగిపోతుంది. నేను ఇంటికొచ్చిన రోజు గడప దాటలేక కూలబడ్డాను. జుట్టు రాలింది, కూరలో ఉప్పు తెలియలేదు, సంచి అన్న మాట గుర్తురాక మీ అవ్వ మీద అరిచాను. నెలల పాటు రాత్రిళ్లు నీళ్ల కలలు. మీ అమ్మ కూడా విసుక్కుంటుంది, ఏడుస్తుంది. రాగి సంగటి రెండు ముద్దలు తినే మనిషి అర ముద్దకే చాలంటుంది. ఇవాళ మంచం నుంచి కుర్చీ దాకా, వారానికి వాకిలి దాకా, అట్లా నడిపించండి. నెల దాటినా నిద్ర పట్టక భయపడుతుంటే డాక్టరుకు చెప్పండి, అది కూడా ఈ జబ్బులో భాగమే.

చివరగా నోటు పుస్తకం సంగతి. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ అమ్మ రోజూ నాలుగు లైన్లు రాసి పెట్టింది. "ఇవాళ సోమవారం. నాయనకు జ్వరం నూట ఒకటి. బయట వాన. ఆవు ఈనింది, కోడెదూడ." నాలుగో పేజీలో "ఇవాళ నాయన నా చేతిలో నీళ్లు అని రాశాడు" అని ఉంది. ఇంటికొచ్చాక ఆ పుస్తకం చదివితేనే ఏది జరిగిందో, ఏది నా భ్రమో విడిపోయింది. ఆ పదకొండు రోజులు నాకు అట్లా తిరిగి దొరికాయి. కొన్ని దేశాల ఐసీయూల్లో ఇట్లా డైరీ రాయడం నర్సులే చేస్తారని తర్వాత తెలిసింది. మీ అమ్మ ఎవరూ చెప్పకుండానే చేసింది.

ఆ పుస్తకంలో సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. రేపు పొద్దున మొదటి బస్సుకు మన వీధి కుర్రాడితో పంపిస్తున్నా. మీ అమ్మ రాత తర్వాతి పేజీ నుంచి మీరు మొదలుపెట్టండి, పైన తేదీ, వారం వేయండి. దానితో పాటు ఇంట్లో ఉన్న ఆమె పాత కండ్లద్దాలు కూడా ఉన్నాయి. ఎడమ కాడ వదులైంది, జారకుండా అవ్వ దారం చుట్టింది. పెట్టేటప్పుడు చూసి పెట్టండి.

మీ అబ్బ