సోలార్ ప్లేటుకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు

అనంతపురంలో మిద్దెల మీద సోలార్ ప్లేట్లు బిగించడం నా పని. ఏటా మే నెలలో ఒకటే రకం ఫోన్లు. "అన్నా, ఎండలు మండిపోతున్నాయి, యూనిట్లు చూస్తే మార్చి కంటే తగ్గినాయి. ప్లేట్లు పోయినట్టేనా?"

పోలేదు, టెన్షన్ పడొద్దు. ప్లేటు పనిచేసేది వెలుతురుతో. వేడి దానికి శత్రువు. ప్లేటు వేడి 25 డిగ్రీలు దాటితే, ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం ఉత్పత్తి పడిపోతుంది. మన మధ్యాహ్నాల్లో ప్లేటు 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే.

ఈ సంగతి తెలియక జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఒకాయన ప్లేట్లను ఎత్తులో నిలబెట్టే స్ట్రక్చర్ ఖర్చు మిగులుతుందని రేకుల షెడ్డు మీద ప్లేట్లను రేకుకు ఆనించి బిగించుకున్నాడు. వేలు దూరే సందు కూడా లేదు. యూనిట్లు తగ్గితే ఎవరో ఇంకో రెండు ప్లేట్లు వేయమన్నారట. అప్పు కూడా మాట్లాడుకున్నాడు పాపం. నేను పోయి ప్లేట్లను అడుగు ఎత్తు లేపి, కింద గాలి ఆడేలా చేశాను. యూనిట్లు పెరిగాయి, అప్పు అవసరం పడలేదు. దయచేసి ఆ సందు దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు.

జర్మనీలో కొడుకు ఉన్న ఒక పెద్దాయన, "అక్కడ చలి, మంచు కదప్పా, ఇళ్ల మీద ప్లేట్లెందుకు?" అని అడిగాడు. చలి ప్లేటుకు మంచిదే. బెర్లిన్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, డిసెంబరులో ఉత్పత్తి బాగా తక్కువ. కానీ ఎండాకాలంలో పగలు పదహారు గంటలు, గాలి చల్లన. ఒక కిలోవాటు ప్లేట్లకు ఏడాదికి అక్కడ సుమారు 1000 యూనిట్లు వస్తే, మన దగ్గర 1400 నుంచి 1500. మన ఎండను చూసి తేడా నాలుగైదు రెట్లు అనుకుంటారు, అంత లేదు. ఆ దేశం మొత్తం సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. మన కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లు, అలాంటివి వంద అన్నమాట.

మబ్బు పడితే ఉత్పత్తి తగ్గుతుంది, సున్నా కాదు. మిగిలిన కరెంటును లైనుకు పంపే, బ్యాటరీ లేని నెట్ మీటర్ సిస్టమ్ కరెంటు పోతే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. దుమ్మును పొద్దున్నే కడగండి, వేడెక్కిన ప్లేటు అద్దం మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోయొద్దు.

ఇక యాప్‌లో ఈ మే యూనిట్లను పోయిన మేతో పోల్చండి, మార్చితో కాదు. అప్పటికీ బాగా తక్కువుంటే ఫోన్ చేయండి, వచ్చి చూస్తాను.