పిన్ని భయాలు, కీమో లెక్కలు

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలినప్పుడు ఆవిడ ఏడవలేదు, ఆపరేషన్‌కీ సరే అంది, కానీ కీమో ఎనిమిది సైకిల్స్ అనేసరికి మాత్రం "నా వల్ల కాదే, ఇలాగే పోతాను" అని మంచం దిగలేదు. ఎందుకంటే 1986లోనో 87లోనో వాళ్ళ మేనత్త కీమో చేయించుకుని మంచం పక్కన బకెట్ పెట్టుకుని రోజులు గడపడం కళ్ళారా చూసింది. ఆ భయం ఉత్తిదేం కాదు. 1983లో ఆస్ట్రేలియాలో కీమో తీసుకుంటున్నవాళ్ళని అన్నిటికంటే దేనికి బాధపడుతున్నారని అడిగితే మొదట వాంతులు, రెండోది వికారం, మూడోది జుట్టు ఊడటం అన్నారు.

కాకపోతే ఆ మేనత్త రోజుల్లో ఒండాన్సెట్రాన్ అనే వాంతుల మందు లేదు.

కీమో మందు ఎక్కించగానే పేగు గోడల్లో ఉండే కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనం వదుల్తాయి, అది అక్కడి నరాన్ని రేపితే ఆ కబురు మెదడుకి వెళ్తుంది, మెదడేమో ఏదో విషం తిన్నామనుకుని కక్కించేస్తుంది. పాపం దానికి సెలైన్ సంగతి ఏం తెలుసు. ఆ కబురుని మధ్యలో ఆపేదే ఒండాన్సెట్రాన్, అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. మర్నాడు, మూడోనాడు వచ్చే వాంతులకి దారి వేరు, వాటికి 2003లో అప్రెపిటెంట్ వచ్చింది. వీటితో పాటు ఒలాంజపిన్ రాస్తే మా తమ్ముడు ఫోన్‌లో వెతికి "ఇది మెంటల్ పేషెంట్లకిచ్చే మందు కదా!" అని ఇల్లంతా గోల చేశాడు. అవును అదే మందు, వికారానికీ బాగా పనిచేస్తుంది, మత్తే కాస్త ఎక్కువ. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 10 మిల్లీగ్రాముల బదులు 2.5 ఇచ్చి చూస్తే వాంతులు అంతే బాగా ఆగాయి, పగటి మత్తు తగ్గింది, 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అలాగని వికారం పూర్తిగా పోతుందని నేను చెప్పను, పిన్నికి ప్రతి సైకిల్‌కీ మూడు రోజులు అన్నం సయించేది కాదు, తాలింపు వాసన వస్తే తలుపేసుకునేది. కానీ బకెట్ అవసరం పడలేదు.

విచిత్రమేంటంటే మూడో సైకిల్‌కి ఆటో ఇంకా హాస్పిటల్ గేటు దాటకముందే "ఒసేయ్, ఆ ఎర్ర సిరంజి గుర్తొస్తేనే తిప్పేస్తోందే" అంది. అందరూ నటన అనుకున్నారు. కాదు, పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త రోజూ గంట కొట్టి తిండి పెట్టిన కుక్కకి తర్వాత గంట వింటేనే లాలాజలం ఊరినట్టే ఇదీ, ఆ వాసన, ఆ రంగు, వికారం మూడిటికీ మెదడు ముడేసేస్తుంది. ఒకసారి ముడి పడ్డాక ఒండాన్సెట్రాన్ దీనిమీద పెద్దగా పనిచెయ్యదు, ఒళ్ళు వదులు చేసుకునే సాధన పనిచేస్తుందని 1982లోనే తేల్చారు, కొందరికి డాక్టర్లు ముందురోజు రాత్రి ఆందోళన తగ్గించే మాత్ర ఇస్తారు. అన్నిటికంటే మేలు అసలు ముడి పడనివ్వకపోవడం, అంటే మొదటి సైకిల్ నుంచే మాత్రలు టైమ్‌కి వేసుకోవాలి, వాంతొస్తే చూద్దాంలే అనుకోకూడదు.

ఇంకోటి, కీమో రోజు ఇష్టమైనవి తినకండి! 1978లో అమెరికాలో కీమోకి ముందు పిల్లలకి కొత్త రకం ఐస్‌క్రీమ్ పెడితే తర్వాత చాలామంది దాన్ని ముట్టుకోలేదు. అందుకే గోంగూర పచ్చడి ఆ రోజు దాచేశాం.

జుట్టు రెండు మూడు వారాలకి రాలింది. జుట్టు కుదుళ్ళలో కణాలు చాలా వేగంగా పెరుగుతాయి, ఆ మందు వేగంగా పెరిగేవాటినే కొడుతుంది, అంతే. మళ్ళీ వస్తుంది. ఎవరైనా "తిరుపతి వెళ్ళొచ్చారా?" అంటే పిన్ని అవునని చెప్పేసేది, ఒకావిడ ప్రసాదం కూడా అడిగింది.

మేం భయపడాల్సింది వేరే ఉంది, దానికి ఎవరూ భయపడలేదు. వేగంగా పెరిగేవాటిలో ఎముక మజ్జలో పుట్టే తెల్లకణాలూ ఉన్నాయి, మామూలుగా మందు ఎక్కించిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య అవి బాగా పడిపోతాయి, పైకేం కనిపించదు. అప్పుడు 100.4 జ్వరమొచ్చినా అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే, ఎందుకంటే ఒంట్లో పోరాడేవాళ్ళే లేరు. రెండో సైకిల్ పదో రోజు రాత్రి పిన్నికి 101 వచ్చింది, మమ్మల్ని లేపడం ఎందుకని డోలో వేసుకుని పడుకుంది. జ్వరం దిగింది కానీ ఇన్ఫెక్షన్ దిగదుగా. పొద్దున తీసుకెళ్తే తెల్లకణాల కౌంట్ దారుణంగా పడిపోయి ఉంది, యాంటీబయాటిక్స్‌తో నాలుగు రోజులు ఉంచేశారు, తర్వాతి సైకిల్స్‌కి కౌంట్ పెంచే ఇంజెక్షన్ కలిపారు. వాంతులొస్తాయని నెలరోజులు ఏడ్చిన మనిషి 101 జ్వరాన్ని మాత్రం దుప్పటి కింద దాచింది!

చివరి నాలుగు సైకిల్స్ పాక్లిటాక్సెల్ అనే వేరే కీమో మందు. దీనికి వాంతులు తక్కువే, హమ్మయ్య అనుకున్నాం. నరాల్లో సరుకు మోసే సన్నటి గొట్టాల్ని ఆ మందు బిగించేస్తుంది, పొడుగాటి నరాల చివర్లు, అంటే వేళ్ళు, ముందు దెబ్బతింటాయి. తిమ్మిరి మొదలవగానే చెప్తే డోసు మార్చేవాళ్ళు, ఇది కూడా చెప్పాల్సినదని పిన్నికి తెలీదు, దీని గురించి ఆవిడని ఏ చుట్టమూ భయపెట్టలేదు మరి. జుట్టు భుజాల దాకా వచ్చింది, గోంగూర తింటోంది, జాకెట్ హుక్స్ పెట్టడానికి మాత్రం ఇంకా నన్నే పిలుస్తుంది.