హీమోఫీలియా ఇంటి ఆడపిల్లలు

ఒక అమ్మాయి పన్ను తీయించుకుంటే రెండు రోజులైనా రక్తం ఆగదు. నెలసరి పది రోజులు సాగుతుంది. ఊరికే ఒళ్లు కమిలిపోతుంది. ‘రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు మా అన్నకు ఉంది’ అని ఆ అమ్మాయి చెప్పినా చాలాచోట్ల వినిపించే జవాబు ఒకటే: అది మగపిల్లల జబ్బు, ఆడవాళ్లు వాహకులు మాత్రమే, అంటే తమకు జబ్బు లేకుండా దాన్ని పిల్లలకు అందించేవాళ్లు. ఈ ‘మాత్రమే’ దగ్గరే నాకు అభ్యంతరం.

రక్తం గడ్డకట్టడానికి ఎనిమిదో ఫ్యాక్టర్, తొమ్మిదో ఫ్యాక్టర్ అనే ప్రొటీన్లు కావాలి; వీటిలో ఒకటి లోపిస్తే వచ్చేదే హీమోఫీలియా. వాటి జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీదే ఉంటాయి. మగవాడికి ఉన్నదే ఒక్క ఎక్స్. ఆడవాళ్లకు రెండు ఉన్నాయి కనుక ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుందని బళ్లో చదువుకున్నాం. అయితే ఆడవారి ఒంట్లో ప్రతి కణమూ ఆ రెండింటిలో ఒకదాన్ని దాదాపు పూర్తిగా మూసేస్తుంది. ఎలుకల ఒంటి మీది రంగు మచ్చలను పరిశీలించి, 1961లో మేరీ లయన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ సంగతి ప్రతిపాదించారు. ఏ ఎక్స్ మూతపడాలన్నది పిండం తొలి రోజుల్లోనే లాటరీలా తేలిపోతుంది. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే పాటిస్తాయి. చెరిసగంగా పడితే ఫ్యాక్టర్ స్థాయి మామూలులో సుమారు సగం ఉంటుంది. కాలేయంలో ఫ్యాక్టర్‌ను తయారుచేసే కణాల్లో మంచి ఎక్సే ఎక్కువగా మూతపడితే బాగా పడిపోతుంది. అందుకే ఒకే తల్లి కూతుళ్లలో ఒకరు నిక్షేపంగా ఉంటే మరొకరు ఇబ్బంది పడతారు. స్థాయి 40 శాతం కన్నా తక్కువైతే ఆడవారికైనా దాన్ని హీమోఫీలియా అనే పిలవాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. మామూలు గడ్డకట్టే పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు. ఫ్యాక్టర్ స్థాయిని విడిగా కొలిపించాలి.

మేనరికాలు చేసుకునే మన కుటుంబాల్లో ఇంకో చిక్కు ఉంది. తల్లి నుంచి హీమోఫీలియా వచ్చిన మేనమామకు అక్క కూతురినిచ్చి చేశారనుకుందాం. ఆ అమ్మాయి వాహకురాలయ్యే అవకాశం నాలుగో వంతు. ఆమె వాహకురాలైతే మాత్రం, వారికి పుట్టే ఆడపిల్లలందరికీ తండ్రి నుంచి చెడిన ఎక్సే వస్తుంది, తల్లి నుంచీ అదే వచ్చే అవకాశం సగం. రెండూ చెడినవైతే ఆ పిల్లకు మగపిల్లలతో సమానంగా జబ్బు వస్తుంది.

కాన్పు సమయంలో మరింత మెలకువ అవసరం. గర్భంతో ఉండగా ఎనిమిదో ఫ్యాక్టర్ దానంతటదే పెరుగుతుంది. తొమ్మిదోది పెద్దగా పెరగదు. పెరిగింది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. ప్రసవం తర్వాత అది మళ్లీ తగ్గుతుంది. బాలింత ఇంటికి వచ్చేశాక, కొన్ని రోజులకో వారాలకో, రక్తస్రావం మొదలుకావచ్చు.